తెరమీది తాతలు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా పరుచుకున్న కాలనీల్లో ఇద్దరు కొత్తవాళ్ళు కలిస్తే పేరు తర్వాత వచ్చే ప్రశ్న ఊరిదే. "మీదెక్కడన్నా?" అంటే సూర్యాపేట పక్కన అనో, మిర్యాలగూడ అనో, ఖమ్మం అనో, గుంటూరు అవతల అనో జవాబొస్తుంది. విజయవాడ హైవే తెచ్చి దింపిన జనం వీళ్ళు. కోచింగ్ కోసం వచ్చి, హాస్టల్ సాంబారు తిని, ఉద్యోగం దొరికాక కొత్తపేటలోనో వనస్థలిపురంలోనో ఫ్లాటు కొనుక్కుని ఉండిపోయారు. పొలం కౌలుకిచ్చారు, పాతిల్లు తాళమేశారు. ఇంటిపేరు మాత్రం వెంట తెచ్చుకున్నారు.

అందుకే కాబోలు, చారిత్రక సినిమా ఆడుతున్నప్పుడు ఇక్కడి హాళ్ళలో చప్పట్లకు ఇంకో రుచి ఉంటుంది. 2015 అక్టోబరులో గుణశేఖర్ 'రుద్రమదేవి' వచ్చింది. రాణి అనుష్కే అయినా, ఈలలు ఎక్కువ పడింది గోన గన్నారెడ్డికి. అల్లు అర్జున్ నోట తెలంగాణ యాస వినపడగానే పాలమూరు వాళ్ళూ నల్లగొండ వాళ్ళూ కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. పదమూడో శతాబ్దపు వర్ధమానపుర సామంతుడు ఈనాటి యాసలో మాట్లాడి ఉండడని వాళ్ళకు తెలియక కాదు. మనవాడు మనలాగే మాట్లాడాలన్నది ప్రేక్షకుడి కోరిక. ఆ కోరికను గుణశేఖర్ సరిగ్గా పసిగట్టాడు.

2017 సంక్రాంతికి క్రిష్ 'గౌతమిపుత్ర శాతకర్ణి' వచ్చింది. మొరాకోలో, జార్జియాలో యుద్ధాలు తీశారు. రెండు తెలుగు రాష్ట్రాలూ వినోదపు పన్ను మినహాయించాయి. శాతకర్ణి గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం నాసిక్ గుహలో అతని తల్లి గౌతమీ బాలశ్రీ, కొడుకు పోయాక, మనవడు పులుమావి ఏలుబడిలో వేయించిన శాసనం నుంచి వచ్చిందే. అది ప్రాకృతం. తెరమీద మాత్రం ఆయన నిఖార్సయిన తెలుగు రాజు. ఇందులో చరిత్ర పాలెంత, పండగ పాలెంత అని హాల్లో ఎవరూ తూకం వేయరు.

ఈ జబ్బు మనకే ఉందనుకుంటే పొరపాటు. స్కాట్లండ్ వాళ్ళకు మనకన్నా ముదిరింది. 1995లో మెల్ గిబ్సన్ తీసిన 'బ్రేవ్‌హార్ట్' పుట్టిందే వంశం వెతుకులాటలోంచి. కథ రాసిన రాండల్ వాలెస్ అమెరికా టెన్నెసీవాడు. పూర్వీకుల జాడ కోసం స్కాట్లండ్ వెళ్ళి, ఎడిన్‌బరో కోట వాకిట్లో విలియం వాలెస్ విగ్రహం చూశాడు. ఇంటిపేరు కలిసింది. ఆ ఒక్క కలయిక మీద సినిమా లేచింది. ఆధారం ఏమిటంటే, వాలెస్ చనిపోయిన నూట డెబ్బై ఏళ్ళ తర్వాత బ్లైండ్ హ్యారీ అనే కవి కట్టిన వీరగాథ. మన పల్నాటి కథను పట్టుకుని దస్తావేజు రాయించుకున్నట్టు.

ఇక తప్పుల జాబితా తీస్తే చరిత్రకారులకు ఆయాసం వస్తుంది. 1297 సెప్టెంబరు 11న జరిగిన స్టర్లింగ్ బ్రిడ్జి యుద్ధంలో గెలుపంతా ఆ ఇరుకు వంతెన వల్లే వచ్చింది. సినిమాలో వంతెనే లేదు. వాలెస్ మనుషులు కట్టిన గళ్ళబట్టల తరహా వేషం మరో మూడొందల ఏళ్ళకు గానీ పుట్టదు. ఫ్రెంచి రాజకుమారి ఇసబెల్లాతో ప్రేమ సంగతి సరేసరి. వాలెస్‌ను చంపిన 1305 నాటికి ఆమె ఇంకా ఇంగ్లండులో అడుగే పెట్టని పదేళ్ళ పిల్ల. అయినా సముద్రాల అవతల ఉన్న స్కాటిష్ సంతతి జనం ఈ సినిమా చూసి కళ్ళు తుడుచుకున్నారు. స్టర్లింగ్‌లోని వాలెస్ స్మారకానికి సందర్శకులు వెల్లువెత్తారు. 1997లో ఆ కొండ కింద కారు పార్కింగులో ఒక విగ్రహం వెలిసింది. పేరు వాలెస్‌ది, ముఖం మెల్ గిబ్సన్‌ది. ఎవరో చెక్కలు లేపుతుంటే దానికి ఇనప పంజరం కట్టి కాపలా కాయాల్సి వచ్చింది. స్వేచ్ఛ కోసం అరిచిన వీరుణ్ణి పంజరంలో చూసి నవ్వుకున్నవాళ్ళు నవ్వుకున్నారు. చివరికి 2008లో తీసేశారు.

తాత ముఖం తెలియనివాడికి సినిమా ఒక ముఖం ఇస్తుంది. చేసే మేలూ అదే, చేసే చెరుపూ అదే.

ముఖం నిజంగా తెలిసినవాళ్ళు ఉన్నచోట మాత్రం సినిమాకు చుక్కెదురవుతుంది. 2020 అక్టోబరులో 'ఆర్ఆర్ఆర్' టీజర్‌లో కొమురం భీం తలమీద టోపీ పెట్టుకుని కనిపించగానే ఆదివాసులు భగ్గుమన్నారు. భీం వాళ్ళకు తెరమీది తాత కాదు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగిన తాత. ఏటా ఆశ్వయుజ పున్నమికి వాళ్ళు ఆ కొండ దగ్గర చేరి తమ పద్ధతిలో మొక్కుతారు. అల్లూరినీ భీంనూ కలిపి డాన్సు చేయించడం ఊహ అని రాజమౌళి ముందే చెప్పాడు, జనం ఒప్పుకున్నారు. కానీ వేషం దగ్గర ఒప్పుకోలేదు. 'సైరా' అప్పుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వంశీకులు సినిమావాళ్ళతో తగవు పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసిన మనిషి మీద హక్కు ఎవరిదన్నది నూటడెబ్బై ఏళ్ళ తర్వాత పంచాయితీకి వచ్చింది. ఈ రెండు గొడవల్లోనూ వంశాన్ని నమ్మినవాళ్ళ పక్షానే ఈ కాలమిస్టు మనసు కాస్త మొగ్గుతుంది, సినిమాలు రెండూ ఈల వేస్తూ చూసినా సరే.

రుద్రమ దగ్గరికి మళ్ళీ వద్దాం. సినిమా ఆమె గెలుపుతో ముగుస్తుంది. చావు గురించి చెప్పింది వేరే రచయిత. ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గర సూర్యాపేట బస్సెక్కితే దారిలో నకిరేకల్ వస్తుంది. ఆ మండలంలోనే ఉంది చందుపట్ల. అక్కడి శాసనం 1289 నవంబరు నాటిది. రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివసాయుజ్యం పొందాలని పువ్వుల ముమ్మడి అనే బంటు దేవుడికి భూమి దానం ఇచ్చాడని అది చెబుతుంది. అంత పెద్ద రాణి ఎప్పుడు పోయిందో చరిత్రకారులు తేల్చుకోగలిగింది ఈ బంటు చలవే. వారం వారం ఊరెళ్ళే నల్లగొండ కుర్రాడు ఆ మలుపు మీదుగా ఎన్నిసార్లు పోయి ఉంటాడో. హాల్లో అతను గన్నారెడ్డిని సొంతం చేసుకున్నాడు. ముమ్మడిని సొంతం చేసుకునే అవకాశం అతనికి ఎవరూ ఇవ్వలేదు. నిజానికి లెక్క వేస్తే మనలో రాజుల మునిమనవలకంటే ముమ్మడి మునిమనవలే ఎక్కువ ఉండాలి కదా!

అంత దూరం కూడా అక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్ తర్వాతి మెట్రో స్టేషన్ చైతన్యపురి. అక్కణ్ణుంచి మూసీ వైపు పోతే ఫణిగిరి కాలనీ, కొసగుండ్ల నరసింహస్వామి గుడి ఉన్న గుట్ట. ఆ గుట్టబండ మీద ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో ఒక శాసనం ఉంది. విష్ణుకుండినుల కాలం, అంటే చార్మినార్‌కు వెయ్యేళ్ళు ముందు. గోవిందరాజ విహారం పేరూ, భిక్షాన్నం తిని బతికే పిండపాతిక భిక్షువులకు రాతి గది కట్టించిన సంగతీ అందులో ఉన్నాయి. హైదరాబాద్‌లో దొరికిన రాతల్లో దీన్నే అన్నిటికన్నా పాతదిగా చెబుతున్నారు. 2024లో పురావస్తు శాఖ శాసన విభాగం వాళ్ళు వచ్చి అచ్చు తీసుకెళ్ళారు. కోచింగ్ సెంటర్ల పేట పదిహేను వందల ఏళ్ళ క్రితం కూడా ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన మగవాళ్ళ వసతిగృహమే అన్నమాట. పిండపాతికులకు మెస్ బిల్లు మాత్రం లేదు.

ఊరూరా ఇలాంటి సంగతులు రాయించి దాచిన మనిషి మళ్ళీ స్కాట్లండ్ వాడే కావడం తమాషా. లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టిన కాలిన్ మెకంజీ 1783లో మద్రాసు చేరాడు, తర్వాత భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయనకు కళ్ళూ చెవులూ. గ్రామ కరణాల దగ్గర కూర్చుని చెరువు ఎవరు తవ్వారు, గుడి ఎవరు కట్టారు, ఊరికి ఆ పేరెలా వచ్చిందని అడిగి రాసుకున్నారు. అవే మన కైఫీయతులు. 1821లో మెకంజీ పోయాక చెదలపాలు కావలసిన వాటికి సి.పి. బ్రౌన్ నకళ్ళు తీయించాడు. రాయలసీమవాళ్ళకూ కోస్తావాళ్ళకూ తమ ఊరి కైఫీయతు దొరికే అవకాశం బాగానే ఉంది. నల్లగొండ, ఖమ్మం వాళ్ళకు ఆ అదృష్టం తక్కువ. వాళ్ళకు మిగిలింది పిచ్చుకుంట్లవారు. ఇంటింటికీ వచ్చి గోత్రమూ ఇంటిపేరూ వల్లించి, పల్నాటి కథ పాడి, గింజలు పట్టుకెళ్ళేవాళ్ళు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ వాళ్ళను లోపలికి పంపడు.

విచిత్రమేమిటంటే, వెతుకులాట తిరగబడిన సందర్భమూ హైదరాబాద్ చూసింది. కోఠీ రెసిడెన్సీలో ఉన్న బ్రిటిష్ దొర కిర్క్‌పాట్రిక్, హైదరాబాదీ అమ్మాయి ఖైరున్నీసాల ప్రేమకథను 2002లో 'వైట్ మొఘల్స్'గా రాసిన విలియం డాల్రింపుల్ స్కాట్లండ్ వాడు. ఆ పని మీద తిరుగుతుండగానే తన వంశంలో చందర్‌నగర్ బెంగాలీ స్త్రీ ఒకామె ఉందని ఆయనకు తెలిసింది. డాల్రింపుల్‌ల కుటుంబంలోనే జేమ్స్ అనే సైనికాధికారి మచిలీపట్నం నవాబు కూతురు మోతీ బేగంతో కాపురం చేశాడు. ఎల్బీనగర్‌లో ఉండే బందరువాడికి ఏ స్కాటిష్ దొరతోనో వేలు విడిచిన చుట్టరికం ఉండదని ఎవరు చెప్పగలరు? ఆ రెసిడెన్సీ భవనం ఉన్న కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొర మేడకు, దొరల మీద తిరగబడి తన పొలం పంట నిలబెట్టుకున్న పాలకుర్తి మనిషి పేరు.

పువ్వుల ముమ్మడి మీద సినిమా అంటే మాత్రం ఏ నిర్మాతా చెక్కు రాయడు. దానం ఇచ్చినవాడికి ఫైటు ఎక్కడ పెట్టాలని అడుగుతాడు. దర్శకుడు గట్టివాడైతే జవాబు లేకపోలేదు: యుద్ధంలో రాణీ సేనానీ ఇద్దరూ పోయారు, ముమ్మడి మిగిలాడు. అక్కణ్ణుంచి కథ మొదలుపెట్టవచ్చు.