రసమంజరీ చిత్రములలో నాయకుఁడు

భానుదత్తుని రసమంజరి అలంకారశాస్త్రము నభ్యసించువారికిఁ బరిచితమైన గ్రంథము. స్వీయ 13 విధములు, పరకీయ 2, సామాన్య 1, వెరసి 16. అవస్థ లెనిమిదింటితో గుణింపఁగా 128. ఉత్తమ మధ్యమాధమ భేదములతో మరల గుణింపఁగా 384. ఈ లెక్కను గంఠస్థము చేసి గ్రంథమును మూసివేయుట పాఠకలోకమున సామాన్యము. లెక్క నటుంచి శ్లోకములనే కంటఁ జూడఁదలఁచినవారు హిమవత్పాదమున, రావీనదీ తీరమునందలి బసోలీ సంస్థానపుఁ జిత్రకారులు. పదునేడవ శతాబ్ది యుత్తరార్ధమున నచ్చట శ్లోకమున కొక పత్రము చొప్పున నీ గ్రంథమునకుఁ జిత్రములు రచింపఁబడెను. ఒక్కమాఱు గాదు, సుమారు ముప్పది యేండ్లలో నొకటికంటె నెక్కువ మాఱులు. ఇట విమర్శింపఁబడు రెండు మాలికలకును మూల మొక్కటియే. కాని నాయకుఁ డొక్కఁడు గాఁడు. ఈ భేదము చిత్రకళకు మాత్రమే సంబంధించినది గాదు. లక్షణగ్రంథము నెట్లు చదువవలెనను ప్రశ్నయు నిందుఁ గలదు.

మొదటి మాలిక క్రీ. శ. 1660–70 ప్రాంతమునాఁటిదని చిత్రచరిత్రకారుల నిర్ణయము. పత్రముల పై యంచున టాక్రీ లిపిలోఁ జిన్న శీర్షికయు, వెనుకవైపున సంస్కృత శ్లోకమును నుండును. పసుపు, ఎఱుపు మొదలగు నిండు రంగులను వెనుకతలముగాఁ బఱచి, ముత్యములను దెల్లని రంగుతో నుబ్బెత్తు చుక్కలుగాఁ దీర్చి, పచ్చలకు మాఱుగా జీరంగి ఱెక్కల తునుకల నంటించిరి. ఇందు నాయకుఁడు శ్రీకృష్ణుఁడు. నీలవర్ణమును, పీతాంబరమును, కిరీటమును జూచినంతనే యాతని గుర్తింపవచ్చును. నూర్పూరు వంశమువాఁడగు కృపాలుఁడను చిత్రకారుఁడు దీనికిఁ గర్తయని పండితు లూహించుచున్నారు.

రెండవ మాలికకుఁ గర్త యెవఁడను విషయమున నూహతోఁ బనిలేదు. గ్రంథాంతమునఁ గల వాక్యము, బసోలీ నగరమునఁ గిర్పాల్ పాల్ రాజు కొఱకు, విక్రమ సంవత్సరము 1752లో, అనఁగా క్రీ. శ. 1695లో, దేవీదాసుఁడు చిత్రించెనని తెల్పుచున్నది. ఇతఁడు కృపాలుని కుమారుఁడనియు, తరువాతి తరమువాఁడగు గోలూ నూర్పూరులో మరల రసమంజరినే చిత్రించెననియుఁ బరిశోధకుల మతము. దేవీదాసుని పత్రములలోఁ గృష్ణుఁడు నాయకస్థానమునుండి తొలఁగెను. తలపాగయు జామాయు ధరించిన మానవుఁ డాచోట నిలిచెను. శ్లోకము మాఱలేదు, శ్లోకార్థమును గ్రహించిన తీరు మాఱినది.

మూల మేమి చెప్పుచున్నది? మంగళశ్లోకమున భానుదత్తుఁడు స్తుతించినది యర్ధనారీశ్వరుని. మిట్టపల్లముల నేలపైఁ దన పాదమునే ముందుంచి, దేవి పాదమునకు శ్రమ కలుగనీయని శివుని. ఉదాహరణములలోఁ బెక్కింట నాయకునకుఁ బేరు లేదు. ఈ పేరులేమి లోపము గాదు, గుణము. లక్షణమునకుఁ జూపఁబడు లక్ష్యము సర్వసాధారణమై యుండవలెను. భట్టనాయకాదులు చెప్పిన సాధారణీకరణమున కది యనుకూలము. మఱియు భానుదత్తుఁడు నాయకునిఁ బతి, ఉపపతి, వైశికుఁడు అని విభజించెను. స్వీయకుఁ బతి, పరకీయకు నుపపతి, సామాన్యకు వైశికుఁడు. మువ్వురకు నొకే నీలమూర్తిని నిల్పినచోఁ బ్రేక్షకుఁడు భేదమును జూడక దేవునిఁ జూచును. ధనాపేక్షగల వేశ్య చెంత శ్రీకృష్ణుని వైశికునిగా నిల్పుట భక్తునకును రుచింపదు, లాక్షణికునకును రుచింపదు.

దీనికిఁ బూర్వపక్షము లేకపోలేదు. పరకీయారతి లౌకిక నాయకునియందు రసాభాసమగుననియు, శ్రీకృష్ణునియందు మాత్రము దోషము గాదనియు వాదింపవచ్చును. 16వ శతాబ్దిలో రూపగోస్వామి యుజ్జ్వలనీలమణి యందు నడచిన మార్గ మిదియే. మొదటి చిత్రకారుఁ డాత్రోవనే త్రొక్కెనని సమర్థించుట యసంగతము గాదు. కాని యుజ్జ్వలనీలమణి కృష్ణునే యాశ్రయించి నిర్మింపఁబడిన శాస్త్రము. అందుఁ గృష్ణవల్లభలు స్వకీయలు, పరకీయలు అని రెండు తెఱఁగులు మాత్రమే. రసమంజరిలోనో, సామాన్యయుఁ గలదు. ఒక శాస్త్రపు నాయకుని వేఱొక శాస్త్రమునఁ బ్రవేశపెట్టినచో నీ మూఁడవ నాయికకు నిలువ నీడ లేకపోవును.

ఆ కాలముననే గోలకొండలో నక్బరుషాహ పేర శృంగారమంజరి వెలసెను. అది మొదటఁ దెలుఁగున రచింపఁబడి పిదప సంస్కృతమునకుఁ దేఁబడినది. ఆ సంస్కృత గ్రంథమును వి. రాఘవన్ పండితుఁడు పరిష్కరింపఁగా 1951లో హైదరాబాదునఁ బ్రకటింపఁబడెను. భానుదత్తుని లక్షణముల నెత్తుకొని పరీక్షించుట యందలి ప్రధానాంశములలో నొకటి. బసోలీకిని గోలకొండకును సంబంధము గల్పించుట యిట నుద్దేశము గాదు. తెలుఁగునేలపై మాటలతో జరిగిన పరీక్షయే కొండసీమలోఁ గుంచెతో జరిగెనని గ్రహించినఁ జాలును. చిత్రమును వ్యాఖ్యానమే.

వ్యాఖ్యానముగాఁ జూచినచో దేవీదాసుఁడే మూలమునకు సన్నిహితుఁడు. అతఁడు దేవతలను వర్జించినవాఁడు గాఁడు. శివపార్వతులు చౌపర్ ఆడుచున్న పత్రము, నేఁడు న్యూయార్కు నందలి మెట్రోపాలిటన్ మ్యూజియమున నున్నది, యతని మాలికలోనిదే. దేవతను జిత్రింపవలసినచోఁ జిత్రించెను. పేరులేని నాయకుని మీఁద దైవత్వము నారోపింపలేదు.

అయినను బేరులేని నాయకుఁడు చిత్రమున సాధ్యుఁడు గాఁడు. మాటకు "ఒకఁడు" అన్నఁ జాలును. కుంచెకు ముఖము గావలెను, వయస్సు గావలెను, వేషము గావలెను. దేవీదాసుఁ డాలోటును దన కాలపు సంస్థాన ప్రభువుల వేషముతోఁ బూరించెను. దేవుఁడు తొలఁగిన పీఠమున రాజు గూర్చుండెను. పోషకుఁడు రాజగుటచే నిది సహజమే. కాని సాధారణీకరణ మిందును సంపూర్ణముగా సిద్ధింపలేదు. అంతియ కాదు, వర్ణముల తీవ్రతలోను, జూపుల వాఁడిమిలోను మొదటి మాలికకు రెండవది సాటిరాదు. కావున వ్యాఖ్యయందు కుమారునికిని, చిత్రమందుఁ దండ్రికిని బ్రాధాన్యము నొసఁగుట న్యాయము.

ఇరువురును విడువని దొకటి గలదు. 384 అను సంఖ్య నాయికలది గాని నాయకులది గాదు. తామరఱేకు వంటి పెద్ద కన్ను, ఎత్తిన చేయి, తెఱచిన తలుపు, పఱచిన పాన్పు, ఇవియే యవస్థను జెప్పునవి. నాయకుఁడు నీలవర్ణుఁడైనను, తలపాగ దాల్చినను, ఈ భాష యొక్కటియే. లక్షణ గ్రంథ హృదయము నాయిక యవస్థయందున్నదని యీ చిత్రకారు లెఱిఁగిరి.

ఈ పత్రములు నేఁడు జమ్మూ, లండను, బోస్టను, న్యూయార్కు మొదలగు చోట్లఁ జెదరియున్నవి. శ్లోకమును, దాని తెలుఁగు తాత్పర్యమును, శృంగారమంజరీకారుని విమర్శను, రెండు మాలికల చిత్రములను నొక్కచోటఁ గూర్చిన ముద్రణము పాఠశాలల కత్యంతోపకారకము. అట్టి పుస్తకమును జదివిన విద్యార్థి 384 అను లెక్కను మఱచినను, వాసకసజ్జకును విరహోత్కంఠితకును గల భేదమును మఱవఁడు.