చిక్కపేటలో తినడానికీ ఒక లెక్కుంది

బెంగళూరు చిక్కపేటలో చీరల షాపుల షట్టర్లు పైకి లేచేసరికి పొద్దున పదిన్నర అవుతుంది. టిఫిన్ హోటళ్లు ఆపాటికి సగం రోజు వ్యాపారం చేసేసి ఉంటాయి. కె.ఆర్. మార్కెట్‌లో చీకటితోనే పూలమూటలు దించినవాళ్లు, తరగుపేటలో బస్తాలు మోసే హమాలీలు మొదటి బంతి. షాపుల్లో పనిచేసే కుర్రాళ్లు, గుమాస్తాలు రెండో బంతి. పెళ్లి బట్టల కోసం హిందూపురం, మదనపల్లె, అనంతపురం నుంచి వచ్చి దిగిన కుటుంబాలది మూడోది. ఆ కుటుంబాల్లో పెద్దావిడ ఎవరో ఒకరు అననే అంటారు: "ముందు టిఫిన్ కానిద్దాం. చీరల దగ్గర కూర్చున్నామంటే మళ్లీ మధ్యాహ్నం దాకా లేవం." పేటలో ఎలా తినాలో ఆవిడకు బాగా తెలుసు.

బయట తినడమంటే ఇప్పుడు చాలామందికి శనివారం సాయంత్రం, ముందే బుక్ చేసుకున్న టేబుల్, మంద్రంగా వెలిగే దీపాలు. అదీ మంచి సరదానే. పేటలో మాత్రం బయట తినడం పనిలో ఒక భాగం. రోజూ చేసేది కాబట్టి దానికో పద్ధతి ఏర్పడింది. వండేవాడి పనితనం గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. తినేవాడికీ ఒక పనితనం ఉంటుందనీ, మంచి హోటల్ నిలబడేది సగం దానివల్లేననీ ఈ కాలమ్ నమ్మకం. ఏ వేళకు ఏది వేడిగా దిగుతుందో తెలియాలి. ఒక్కచోటే కడుపు నింపేసుకోకుండా ఆగడం తెలియాలి. ముక్కూమొహం తెలియని మనిషి ఎదురుగా కూర్చుని తినడానికి మొహమాటపడకూడదు. చిక్కపేటలో ఈ మూడూ ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. పక్కవాళ్లను చూసి పట్టుకోవడమే.

ఈ పేట పుట్టిందే సరుకు మీద. 1537లో కెంపేగౌడ బెంగళూరు కోటను, పేటను కట్టించినప్పుడు చిక్కపేట, దొడ్డపేట వీధులు కలిసే చోటి నుంచి నాలుగు నాగళ్లు నాలుగు దిక్కులకు సాగాయనీ, ఎద్దులు ఎక్కడ ఆగితే ఊరు అక్కడి దాకా అనుకున్నారనీ కథ. ఆ దొడ్డపేటే ఇప్పటి అవెన్యూ రోడ్డు. అక్కిపేటలో బియ్యం, రాగిపేటలో రాగులు, గానిగరపేటలో నూనె, బళేపేటలో గాజులు, ఇలా వీధికో వ్యాపారం. బళేపేటలో ఇప్పుడు వీణలు, తబలాలు అమ్మే దుకాణాలు ఎక్కువ. సరుకు కోసం పొరుగూళ్ల నుంచి వచ్చే మనిషికి మధ్యాహ్నం ఆకలేస్తే ఇల్లు చాలా దూరం. పైగా ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పరాయి చేతి వంట తినాలంటే బోలెడు పట్టింపులు. ఈ రోజు ఎంటీఆర్ అని అందరూ పిలుచుకునే హోటల్ 1924లో మొదలైనప్పుడు దాని పేరు బ్రాహ్మణ కాఫీ క్లబ్. ఎవరు వండారో బోర్డు మీదే చెప్పుకోవలసిన కాలమది. ఇప్పుడు అదే ఊళ్లో, ఇరుకు బల్లల మీద, జరీ వ్యాపారీ ఆటో డ్రైవరూ మోచేతులు తగిలేలా కూర్చుని తింటున్నారు. ఇది పెద్ద మార్పు. ఏ ఉపన్యాసం వల్లా కాకుండా, ఆకలీ చోటు చాలకపోవడమూ కలిసి తెచ్చిన మార్పు.

బళేపేటలో ఉడుపి శ్రీకృష్ణ భవన్ తరాల నాటి హోటల్. అక్కడికి జనం వెళ్లేది సాగూ మసాలా దోశ కోసం. మామూలు మసాలా దోశలో బంగాళాదుంప కూర ఉంటే ఇందులో సాగూ ఉంటుంది. కూరగాయ ముక్కలను కొబ్బరి, కొత్తిమీర, పచ్చిమిర్చి కలిపి నూరిన ముద్దలో ఉడికిస్తే సాగూ. పూరీలోకి పల్చగా చేసే ఈ కూరను దోశలో పెట్టాలంటే దగ్గరగా ఉడికించాలి. కాస్త జారైనా దోశ అడుగు మెత్తబడిపోతుంది. బాగా ఎండనిస్తే కొబ్బరి కమ్మదనం పోతుంది. ఆ మధ్య రకం పాకం పట్టుకోవడంలోనే హోటల్ పేరంతా ఉంది.

బెంగళూరు దోశ పెనం దగ్గర కాసేపు నిలబడి చూడటం కూడా భోజనంలో భాగమే. పెద్ద ఇనప పెనం. దాని మీద నీళ్లు చల్లి, పొట్టి చీపురుతో ఒక్కసారి తుడిచి, వేడి ఎంత దిగిందో నీళ్లు చుయ్‌మన్న చప్పుడును బట్టే వంటమాస్టర్ తెలుసుకుంటాడు. పిండి వరసగా పోసుకుంటూ పోయి, చివరిది తిప్పడం పూర్తయ్యేసరికి మొదటిది రంగు తిరుగుతుంది. ఇక్కడి దోశ మన ఊళ్ల పేపర్ దోశ కాదు. పైన ఎర్రగా కరకరలాడుతూ, లోపల స్పంజిలా మెత్తగా ఉండాలి. అటుకులు, మెంతులు వేసి రుబ్బి పులియబెట్టిన పిండికి ఆ గుణం వస్తుంది. వెన్న వేసేది చివర్లో, దోశ మడిచే ముందు. ముందే వేస్తే కరకర పోతుంది. ఇదంతా తెలిసిన గిరాకీ "రోస్ట్‌గా కావాలి" అని చెప్పాల్సిన పనిలేదు. తెలియనివాళ్ల దగ్గరికి సర్వరే వచ్చి, మాటలో తెలుగు యాస పోల్చుకుని అడుగుతాడు: "అక్కా, సాగూనా, ఆలూనా?" ఈ కాలమ్ ఓటు సాగూకే.

ఇక కాఫీ. బెంగళూరులో ఇద్దరు స్నేహితులు హోటల్లోకి అడుగుపెడితే వినబడే మొదటి మాట "బై టూ". ఒక కాఫీ, రెండు లోటాలు. తొందరలో పోసినా రెండింటిలో నురగ ఒకే ఎత్తున నిలవాలి. డబ్బుకు వెనకాడి చేసే పని కాదిది. పేటలో రోజుకు నాలుగైదుసార్లు కాఫీ తాగాల్సి వస్తుంది. బేరం కుదిరితే ఒకటి, బేరం తెగకపోతే ఒకటి, లారీ ఆలస్యమైతే ఇంకొకటి. ప్రతిసారీ నిండు లోటా తాగితే సాయంత్రానికి నిద్ర, ఆకలి రెండూ చెడతాయి. సగం తాగితే మనిషితో మాట్లాడటానికి కావలసినంత సమయం దొరుకుతుంది, కడుపూ తేలిగ్గా ఉంటుంది.

వైన్ బార్ ఇష్టపడేవాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. ఒక గ్లాసు, పక్కన ఒక చిన్న పళ్లెం, గంట సేపు కబుర్లు. మంచి వైన్ బార్ నడిచేది ఆ కొలత మీదే. బెంగళూరుకు ఆ అదృష్టం కూడా దగ్గర్లోనే ఉంది. నంది కొండల కింద దొడ్డబళ్లాపుర దగ్గర గ్రోవర్ కుటుంబం 1988లో ఫ్రెంచి ద్రాక్ష తీగలు నాటింది. నాలుగేళ్లకు సీసాలు బజారుకొచ్చాయి. 2007లో కర్ణాటక ప్రభుత్వం వైన్‌కు ప్రత్యేక విధానం తెచ్చి వైన్ బోర్డునూ పెట్టింది. ఆ వైన్ తాగాలంటే ఎం.జి. రోడ్డు వైపో ఇందిరానగర్ వైపో వెళ్లాలి. పేటలో మాత్రం లోటా కాఫీదే రాజ్యం.

పేట దాటి కొంచెం బయటికి వెళ్తే తినేవాడి పట్టుదల హోటల్‌ను ఎలా మలుస్తుందో చెప్పే కథలు రెండున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా బియ్యం ఆగిపోయినప్పుడు ఇడ్లీ మానలేని గిరాకీల కోసం రవ్వతో ఇడ్లీ పుట్టించామని ఎంటీఆర్ వాళ్లు చెప్పుకుంటారు. 1951లో ఆ హోటల్ యజమాని యజ్ఞనారాయణ మయ్య యూరప్ వెళ్లి అక్కడి రెస్టారెంట్ల శుభ్రత చూసి వచ్చి తన వంటగది పద్ధతులు మార్చారు. వచ్చినవాళ్లు వంటగదిని కళ్లారా చూడొచ్చన్న ఏర్పాటు అప్పటి పట్టింపుల మధ్య చాలా ధైర్యమైన పని. ఎమర్జెన్సీ రోజుల్లో ధరల నియంత్రణ కింద టిఫిన్ రేట్లు తగ్గించాల్సి వచ్చింది. ఆ రేటుకు ఆ నాణ్యత ఇవ్వలేమని హోటల్నే మూసేశారు. ఇప్పుడు మన వంటిళ్లలో కనబడే ఎంటీఆర్ పొడులు, మిక్స్‌ల వ్యాపారం పెరిగింది ఆ మూత తర్వాతే. తలుపులు మళ్లీ తెరిచినప్పుడు పాత గిరాకీ తిరిగి వచ్చింది. పల్చటి సాంబారుకు సర్దుకుపోయే గిరాకీ అయితే మూయాల్సిన అవసరమే ఉండేది కాదు.

రెండోది గాంధీబజార్లో 1943లో మొదలైన విద్యార్థి భవన్. దోశ ప్లేట్లు ఒక చేతి మీద దొంతరగా పేర్చుకుని, ఇంకో చేత్తో పంచుకుంటూ వచ్చే సర్వర్లను చూడటానికే సగం జనం వస్తారు. శుక్రవారం సెలవు. ఎనభై ఏళ్లు దాటినా జాబితా చిన్నదే. జాబితా పెంచితే వంటవాడి చెయ్యి చెదురుతుంది. పెంచమని గిరాకీ గొడవ చెయ్యకపోవడమే ఇక్కడ మెచ్చుకోవలసిన సంగతి.

1983లో జయనగర్‌లో ఆర్. ప్రభాకర్ కెఫే దర్శిని తెరిచి నిలబడి తినే టిఫిన్ పద్ధతిని ఊరంతటికీ అలవాటు చేశారు. చోటు తక్కువ, అద్దె తక్కువ, వంట కళ్లెదుటే. దర్శినులు పేటకూ వచ్చాయి, బాగా అతుక్కున్నాయి. హమాలీకి కూర్చునే తీరిక ఎలాగూ లేదు.

మాంసాహారం సంగతి వేరే. పేటల చుట్టుపక్కల, కాటన్‌పేటలో ఎస్.జి. రావ్స్‌తో సహా, మిలిటరీ హోటళ్లు ఉన్నాయి. ఈ పేరు ఎందుకు వచ్చిందన్న దాని మీద రెండు మాటలు వినబడతాయి. పదిహేడో శతాబ్దంలో శివాజీ తండ్రి షహాజీ బెంగళూరు జాగీర్దారుగా ఉన్నప్పుడు మరాఠా సైనికుల కోసం పెట్టిన వంటశాలలని కొందరంటారు. కంటోన్మెంట్ సిపాయిల కోసమని మరికొందరంటారు. ఏదైనా, వంట మాత్రం సిపాయి ఆకలికి తగ్గదే. రాగి ముద్ద, కాళ్ల సూపు, కైమా ఉండలు, మటన్ చాప్స్, దొన్నె బిర్యానీ.

హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు దొన్నె బిర్యానీ దగ్గర మొదట తటపటాయిస్తారు. బాసుమతి లేదు, కుంకుమపువ్వు లేదు, పొరలు లేవు. జీరక సాంబ అనే చిట్టి బియ్యం, పుదీనా కొత్తిమీరతో పచ్చగా తిరిగిన మసాలా, చేతిలో వేడి తగిలే ఆకు దొన్నె. బియ్యం గింజ చిన్నది కావడంతో ప్రతి మెతుక్కీ మాంసం రసం పడుతుంది. దీన్ని హైదరాబాదీ దమ్ బిర్యానీతో తూకం వెయ్యడం రెండింటికీ అన్యాయం. ఇది పొద్దున్న పదింటికి కూడా తినగలిగిన బిర్యానీ. మసాలా ఘాటు కాస్త తక్కువ, మిర్చి కారం ఎక్కువ. ఆదివారం చాలా బట్టల షాపులు మూసి ఉన్నా ఈ హోటళ్ల ముందు వరస తగ్గదు. గిన్నె ఖాళీ అయితే మళ్లీ పొయ్యి మీద పెట్టరు. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లి చాప్స్ అడిగితే దొరికేది నవ్వే.

మనవాళ్లలో ఒక అలవాటుంది. బట్టలు కొనడం అవ్వగానే ఆటో ఎక్కి రెసిడెన్సీ రోడ్డు వైపు, ఆంధ్రా భోజనానికి. 1984 నుంచి నాగార్జున, ఇంకా నందిని, భీమాస్ లాంటివి అరిటాకు, పప్పు, కందిపొడి, నెయ్యి, ఆవకాయలతో బెంగళూరును గెలిచేశాయి. పచ్చిమిర్చితో వేయించే ఆంధ్రా చిల్లీ చికెన్ ఇప్పుడు బెంగళూరు సొంత వంటల్లో ఒకటైపోయింది. ఆ హోటళ్ల మీద ఈ కాలమ్‌కు గౌరవమే. కానీ ఇంటి పప్పు కోసం వంద కిలోమీటర్లు ప్రయాణం చెయ్యక్కర్లేదు. పేట దాకా వచ్చాక పేటలో వండింది తినాలి. సాగూ దోశ, దొన్నె బిర్యానీ మన ఊళ్లో దొరకవు. దొరికినా ఆ వేడి ఉండదు.

బెంగళూరు టిఫిన్ ఇప్పుడు తనంతట తనే ప్రయాణం కట్టింది. 2021లో ఇందిరానగర్‌లో పుట్టిన రామేశ్వరం కెఫే 2024 నాటికి హైదరాబాద్ మాదాపూర్‌కు వచ్చేసింది. నెయ్యి కారే పొడి ఇడ్లీ కోసం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అర్ధరాత్రి వరసలో నిలబడుతున్నారు. రుచిని తేవడం సాధ్యమేనని వాళ్లు నిరూపించారు. రోజూ అదే వేళకు వచ్చి, అదే దోశ తిని, ఉప్పు ఒక రవ్వ ఎక్కువైతే ఆ పూటే గల్లాపెట్టె దగ్గర చెప్పేసి వెళ్లే గిరాకీ తయారవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. పేటలోని పాత హోటళ్లకు ఉన్న అసలు ఆస్తి అది.

ఆ ఆస్తికి ఇప్పుడు ముప్పు ఉన్న మాట నిజం. బట్టల వ్యాపారం కొంత ఆన్‌లైన్‌కు, కొంత ఊరి చివరి మాల్స్‌కు వెళ్తోంది. గోదాములు బయటికి తరలుతున్నాయి. గుమాస్తాలు తగ్గితే రెండో బంతి తగ్గుతుంది. రెండో బంతి తగ్గితే పిండి తక్కువ రుబ్బుతారు. తక్కువ రుబ్బిన పిండి పదకొండు గంటలకే అయిపోతే మూడో బంతికి ఏమీ మిగలదు. ఇంకో వైపు 2017 జూన్‌లో మెట్రో గ్రీన్ లైన్ భూగర్భ భాగం పూర్తయి చిక్కపేటకు స్టేషన్ వచ్చింది. మెజెస్టిక్ నుంచి ఒక్క స్టాపు. బస్సు దిగి, సంచులతో బళేపేట రద్దీలోంచి నడిచే బాధ తప్పింది. ఆ నడకలో కళ్లబడే హోటళ్లను కూడా దాటేసి వస్తున్నాం. అందుకే వచ్చేటప్పుడు నడిచి, వెళ్లేటప్పుడు మెట్రో ఎక్కడం మేలు.

శ్రావణం పెళ్లిళ్లకు బట్టలు కొనాలని బయల్దేరే కుటుంబాలకు ఈ వారం మాట ఇది. తొమ్మిది లోపే బళేపేట చేరండి. పదిమంది ఒకే బల్ల కావాలని పట్టుబట్టకండి, ఇద్దరేసి ముగ్గురేసి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోండి. మనిషికో దోశ చెప్పకుండా ముందు ఇద్దరికొకటి, బై టూ కాఫీ. పన్నెండున్నరకు చీరలు ఇంకా తెగకపోతే మాంసం తినేవాళ్లలో ఇద్దర్ని కాటన్‌పేటకు పంపండి. మిగతావాళ్లు బేరం కానిచ్చుకుని వెళ్లేసరికి వాళ్లకు చోటూ, గిన్నెలో చాప్సూ రెండూ దొరుకుతాయి.