డిస్కునకు వేసిన తాళము

సినిమా డిస్కులకు వేయు తాళమును గూర్చి మన సంఘ సంచికలో వ్యాసమా అని కొందరు పాఠకులు ముక్కున వ్రేలిడుకొనవచ్చును. కాని బొమ్మసంద్రలో స్థిరపడిన మన కుటుంబములలో ఎందరు పిల్లలకు తెలుగు అక్షరములు వచ్చునో ఒకపరి లెక్కించి చూడుడు. బడిలో కన్నడము, ఇంగ్లీషు. వీధిలో కన్నడము, తమిళము, హిందీ. ఇంట తల్లి పలుకు తరువాత వారి చెవిని బడు తెలుగు, సినిమా తెలుగే. ఆ సినిమాను ఎవరు, ఏ యంత్రముపై, ఎంతకాలము చూడవచ్చునో నిర్ణయించు తాళము మన భాషకు సంబంధించిన విషయమే యని నా అభిప్రాయము.

2006లో మిక్కిలి స్పష్టమైన చిత్రమును చూపు డిస్కులు రెండు రకములు బజారునకు వచ్చెను. ఒకటి హెచ్.డి. డి.వి.డి., మరొకటి బ్లూ-రే. రెండును బద్ధశత్రువులే యైనను తాళము మాత్రము రెండింటికిని ఒక్కటే. ఏ.ఏ.సి.ఎస్. అను ఆ తాళమును డిస్నీ, వార్నర్, సోనీ, తోషిబా, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ మొదలగు సంస్థలు కూడి నిర్మించినవి. అంతకు పూర్వపు డి.వి.డి. తాళమును విప్పు సాధనము 1999లోనే వెలువడెను. అందుకై నార్వే దేశపు యువకుడు యాన్ లెక్ యోహాన్సెన్‌పై అభియోగము మోపగా, 2003లో అచటి న్యాయస్థానములు అతడు నిర్దోషియని తీర్పు చెప్పెను. కనుక ఈసారి తాళము గట్టిగా ఉండవలెనని వారు పూనుకొనిరి.

చిత్రమును గూఢలిపిగా మార్చి డిస్కుపై వ్రాయుదురు. దానిని విప్పు రహస్యసంఖ్యలు చూపు యంత్రము లోపల నుండును. ఏ యంత్రపు సంఖ్యలైన బయటపడినచో, ఆపై వచ్చు క్రొత్త డిస్కులు ఆ యంత్రమును నిరాకరించును. వినుటకు పకడ్బందీగానే యున్నది. అయితే ఆఫీసు బీరువాల తాళములు ఏండ్ల తరబడి కాచిన గుమాస్తాకు ఇందలి లోపము కనిపెట్టుటకు ఇంజనీరు చదువు అక్కరలేదు. పెట్టెను కొనినవానికి అమ్మితిరి. అతడు చూడవలెను గనుక తాళపుచెవిని గూడ అతని యింటనే, యంత్రపు కడుపులో దాచితిరి. ఓపిక గలవాడు వెదకినచో దొరకక మానునా?

దొరకనే దొరకెను. 2006 డిసెంబరులో మొదటి దెబ్బ తీసినవాడు తన్ను తాను దొంగగా చెప్పుకొనలేదు. డబ్బిచ్చి కొనిన చిత్రము తన తెరపై ఆడకుండుటచే కోపించితినని ఆ అజ్ఞాతవ్యక్తి వ్రాసెను. 2007 ఫిబ్రవరినాటికి అనేక డిస్కులను విప్పగల సంఖ్య యొకటి బయటపడెను. అంకెలు, అక్షరములు కలిపి 32 గుర్తులు, అంతే. దానిని ప్రకటించినవారికి నోటీసులు వెళ్లెను. 2007 మే 1న అమెరికాలోని డిగ్ అను వార్తావేదిక ఆ సంఖ్యను తొలగించగా, చదువరులు తిరుగబడి మరల మరల దానినే వ్రాసిరి. చొక్కాలపై అచ్చొత్తిరి, పాటగా గూడ పాడిరి. దాచుమని బెదరించిన కొలది ఊరూర టముకు వేసినట్లయ్యెను. 2008 ఫిబ్రవరిలో తోషిబా హెచ్.డి. డి.వి.డి.ని విరమించుకొనెను, అది వ్యాపారపు పోటీలో ఓటమియే కాని తాళపు కారణమున గాదు.

ఇక మన సంగతి. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' విడుదల కాకమునుపే సుమారు గంటన్నర చిత్రము బయటకు పొక్కెను. కృష్ణాజిల్లా పెడనలో డిస్కులుగా అమ్ముడుపోయినట్లు వెల్లడి యయ్యెను. నిర్మాణపు పనిలో నున్నవాని చేతిమీదుగనే నకలు బయటకు పోయినదని పోలీసులు తేల్చిరి. అంగడిలోని డిస్కునకు ఎంతటి తాళము వేసినను, ఈ దొంగతనమును ఆపగలదా? ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. నిర్మాత సెప్టెంబరు 27ననే చిత్రమును విడుదల చేసెను. జనము థియేటర్లకు తరలివచ్చి ఘనవిజయము చేకూర్చిరి.

నిర్మాతల బాధ నేనెరుగనిది కాదు. కోట్లు అప్పు తెచ్చి తీసిన చిత్రము సంతలో కారుచౌకగా అమ్ముడగుచుండగా ఎవరికి కడుపు మండదు? కాని దొంగసరుకునకు గిరాకీ ఎట్లు పుట్టుచున్నదో గూడ చూడవలెను. 2004లో కర్ణాటక చలనచిత్ర వాణిజ్యమండలి, పరభాషాచిత్రములు ఏడు వారములు గడచినగాని ఇచట ప్రదర్శింపరాదని నిర్ణయించెను. హోసూరు దాటినచో ఆ నియమము లేకుండెను. ఆ నిరీక్షణ ఎవరి జేబు నింపియుండునో ఊహింపవచ్చును. అందుకు భిన్నముగా 2007 ప్రాంతమున మోజర్ బేర్ సంస్థ వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు అమ్మజూపెను. ఆ సంస్థ తరువాత అప్పులపాలై మూతబడినను, ఆ ధరను మించిన తాళము నాకు కనబడలేదు.

తాళము బాధించునది కొనినవానినే. బ్లూ-రే ప్రపంచమును మూడు ప్రాంతములుగా విభజించినది. అమెరికా మొదటిదానిలో, మనము మూడవదానిలో. ఆ దేశము నుండి మా యింటికి వచ్చిన డిస్కు ఒకటి ప్రాంతము సరిపడదను ఒక్క వాక్యము చూపి ఊరకుండెను. మన చట్టము కొంత నయము. 2012లో చేర్చిన 65ఏ సెక్షను, హక్కులను భంగపరచు ఉద్దేశముతో తాళము విప్పినవానికి రెండేండ్ల వరకు జైలు, జుల్మానా విధించును. చట్టము నిషేధింపని పనికై విప్పినవానిని వదలివేయును. అయినను సామాన్యగృహస్థు దాని నమ్ముకొని తాళముపై చేయి వేయునా?

1932లో వచ్చిన మన 'భక్త ప్రహ్లాద' టాకీ నేడు చూతమన్న ఒక్క ప్రతియు లేదు. దానికి ఏ తాళమును వేయలేదు; నకళ్లు చాలక నశించినది. నకలే శత్రువని తలచువారు దీనిని జ్ఞప్తియందుంచుకొందురు గాక. ఇప్పుడు ఫోనులలో చూచుచున్నాము గదా యందురు. అచట ఒప్పందపు గడువు తీరిన నాడు చిత్రము చెప్పకయే మాయమగుచున్నది.

సంఘపు బీరువాలో పాతచిత్రముల డిస్కులు కలవు. వానిని ఆడించు యంత్రములు అంగళ్లలో అరుదగుచున్నవి. తగిన వెల పుచ్చుకొని, నకలు తీసి దాచుకొనుటకు వ్రాతమూలకముగ అనుమతి నిచ్చు నిర్మాతలెవరైన కలరేమో మన కార్యవర్గము వారు ఈ యేడే అడుగవలెను. గడచిన సంక్రాంతికి పెట్టి చూడగా రెండు డిస్కులు అప్పుడే ఆడలేదు.