కింది నుంచి పైకి చదవాల్సిన కార్డు

పెళ్ళి శుభలేఖకు మూలల్లో పసుపు రాసి బీరువాలో దాస్తారు. దినం కార్డుకు ఆ భాగ్యం లేదు. చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని గడప బయటే చదివి చించేయడం గోదావరి పల్లెల్లో పాత అలవాటు. ఇంట్లో ఉంటే కీడని భయం. వంశవృక్షం గీద్దామని కూర్చున్నవాడికి మాత్రం ఆ చించేసిన కాగితమే ఎక్కువ పనికొస్తుంది. శుభలేఖలో కనిపించేవి రెండు కుటుంబాలు. దినం కార్డులో ఒక మనిషి చుట్టూ అల్లుకున్న ఇళ్ళన్నీ ఉంటాయి. ఏ పాత డైరీలోనో, పటం వెనక అట్టలోనో ఒకటి మిగిలి ఉందంటే అదృష్టమే.

పోయినవారి గురించి అందులో పెద్దగా ఏమీ ఉండదు. ఫలానావారు ఫలానా తిథినాడు స్వర్గస్థులైనారు, పెద్దకర్మకు దయచేయగలరు, అంతే. అసలు సరుకంతా 'ఇట్లు' అన్న మాట తర్వాత ఉంటుంది. అందుకే కింది నుంచి పైకి చదవాలి.

కొడుకుల వరస చూస్తే పెద్దవాడెవరో తెలుస్తుంది. వారిలో ఒకరి ఇంటిపేరు వేరేగా ఉంటే దత్తు వెళ్ళాడేమోనని వాకబు చేయాలి. కూతుళ్ళ దగ్గర ఇంకా నిదానించాలి. పెళ్ళితో ఇంటిపేరు మారి ఆడపిల్ల జాడ పుట్టింటి లెక్కల్లో తెగిపోతుంది. కార్డులో ఆమె పక్కన అల్లుడి ఇంటిపేరు, ఆ పక్కన మండపేట అనో పాలకొల్లు అనో ఊరిపేరు ఉంటే తెగిన దారం మళ్ళీ చేతికొచ్చినట్టే. ఆ అల్లుడి ఇంటిపేరు అత్తగారి పుట్టింటిదే అయితే మేనరికమేమో చూసుకోవాలి. లేకపోతే ఒకే మనిషిని అల్లుడిగా ఒకచోట, మేనల్లుడిగా ఇంకోచోట ఇద్దరిని చేసి రాసేస్తాం.

తేదీ దగ్గర మరో చిక్కు. 'పరాభవ నామ సంవత్సర మాఘ బహుళ ఏకాదశి' అని ఉందనుకుందాం. పరాభవ అరవై ఏళ్ళకోసారి వస్తుంది: 1906 ఉగాదికి ఒకటి, 1966 ఉగాదికి ఒకటి, 2026 ఉగాదికి ఇంకొకటి. అచ్చు తీరు, అల్లుళ్ళ ఉద్యోగాలు చూస్తే వీటిలో ఏదో తేలిపోతుంది. 1966దే అనుకుందాం. కానీ మాఘం తెలుగు సంవత్సరం చివర్లో వస్తుంది కాబట్టి ఇంగ్లీషు లెక్కకు అది 1966 కాదు, 1967. మరణాల రిజిస్టరులో ఒక ఏడాది ముందు వెతికితే ఏం దొరుకుతుంది? పైగా తాత పేరు మనవడికి పెట్టే ఇళ్ళలో ఒక తరం విడిచి ఒక తరం అదే పేరు. ఇంటిపేరూ పేరూ కలిశాయని 1907లో పోయిన మనిషిని 1967లో పోయిన మనిషితో కలిపేయడం చాలా తేలిక.

జిల్లా పేరును కూడా గుడ్డిగా నమ్మకూడదు. నరసాపురం, భీమవరం, తణుకు, ఏలూరు 1904లో గోదావరి జిల్లా నుంచి కృష్ణా జిల్లాకు వెళ్ళాయి. 1925లో పశ్చిమగోదావరి ఏర్పడ్డాకే మళ్ళీ గోదావరి పేరు దక్కించుకున్నాయి. కాబట్టి 1914 నాటి కాగితంలో నరసాపురం కృష్ణా జిల్లా అని ఉంటే అది అచ్చుతప్పు కాదు. 2022లో జిల్లాలను మరోసారి విడగొట్టారు. అమలాపురం మనిషి ఇప్పుడు కోనసీమ జిల్లావాడు.

కార్డుతో తేలనిది నోటితో అడగాలి. దాయాదులెవరో తెలియాలంటే చుట్టరికం అడగడం కంటే మైల ఎన్నాళ్ళు పట్టారని అడగడం మేలు. పది రోజులు పట్టిన ఇళ్ళు ఒక కొమ్మవే. 'వేలువిడిచిన మేనమామ' అని చెప్పి తప్పించుకోబోతే వదలకూడదు. అమ్మకు పెదనాన్న కొడుకా, పిన్ని కొడుకా? పిన్ని కొడుకైతే ఇంటిపేరే వేరు.

ఇంతా చేస్తే కార్డు పిల్లల వైపు దిగుతుందే తప్ప తాతల వైపు ఎక్కదు. ఆ పని రాజమండ్రి రేవుల్లో జరుగుతుంది. పుష్కరాలకు పిండం పెట్టేటప్పుడు గోత్రంతో పాటు తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పాలి. వారిని వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా తలుస్తారు. తల్లి వైపువాళ్ళ పేర్లూ వస్తాయి. ఆ తర్వాత కారుణ్య పితరుల కింద పినతండ్రులు, మేనమామలు, మేనత్తలు, అత్తమామలు, గురువు, స్నేహితుడు. ఇన్ని పేర్లు గుర్తుండవు కనుక చీటీ రాసుకుని వెళ్తారు. 2003 చీటీ, 2015 చీటీ పక్కపక్కన పెడితే ఆ పన్నెండేళ్ళలో ఇంట్లో ఎవరెవరు పోయారో కనిపిస్తుంది. ఏదో రాజుగారి ఆస్థానంలో మంత్రిగిరీతో మొదలయ్యే అచ్చు వంశచరిత్రల కంటే నేను ఆ నలిగిన చీటీనే నమ్ముతాను. 2027లో మళ్ళీ పుష్కరాలు. ఈసారి చీటీలో పేరు పక్కన ఊరు కూడా రాయించుకోవాలి.

అయితే కార్డూ చీటీ రెండూ లేని ఇళ్ళు డెల్టాలో ఎన్నో. క్రైస్తవ కుటుంబాలైతే చర్చి రిజిస్టర్లు అడగొచ్చు. నరసాపురం చుట్టుపక్కల గోదావరి డెల్టా మిషన్ 1836 నుంచి ఉంది. పొలమూ లేక, కార్డు వేయించే స్తోమతా లేక కూలికి బతికిన ఇళ్ళవాళ్ళ పేర్లు విచిత్రంగా సముద్రం అవతల దొరుకుతాయి. 1843లో 'కోరంగి పాకెట్' ఓడలోనూ, ఆ తర్వాత మరెన్నో ఓడల్లోనూ తెలుగు కూలీలు మారిషస్ వెళ్ళారు. అక్కడివాళ్ళు కోరంగి రేవు పేరుతోనే వీళ్ళను కోరంగీలన్నారు. తోటల్లో పనికి వచ్చినవాళ్ళ పేరు, తండ్రి పేరు, ఊరు దొరల గుమాస్తాలు రాసుకున్నారు. ఆ రిజిస్టర్లు ఇప్పుడు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఓడెక్కిన తమ్ముడి సంతానం అక్కడికి వెళ్ళి అడిగితే ముత్తాత తండ్రి పేరు దొరకొచ్చు. ఊళ్ళోనే ఉండిపోయిన అన్న సంతానం అదే పేరు కోసం అక్కడికే రాయాలి.