ఏ చప్పుడు పోవాలి, ఏది ఉండాలి

మజ్దా పేరు మనవాళ్ళకి కొత్త కాదు. స్కూలు పిల్లల మినీబస్సుల మీద, సరుకులు దింపే చిన్న లారీల మీద 'స్వరాజ్ మజ్దా' అని చదువుకుంటూ పెరిగినవాళ్ళు మనలో చాలామంది. ఆ మజ్దాయే హిరోషిమాలో రెండే సీట్లతో, టాపు వెనక్కి మడుచుకునే వీలుతో ఒక చిన్న స్పోర్ట్స్ కారు చేసింది. 1989 ఫిబ్రవరిలో చికాగో మోటార్ షోలో బయటపెట్టిన ఆ ఎమ్‌ఎక్స్-5ని అమెరికాలో మియాటా అన్నారు, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో అమ్మారు. దాని మొదటి తరం 1997 దాకా తయారైంది. అంటే వాటిలో అన్నిటికన్నా చిన్నదానికి కూడా పాతికేళ్ళు దాటిపోయాయి. రేకు తుప్పు పట్టే, రబ్బరు బిగుసుకుపోయే, ప్లాస్టిక్ పెళుసెక్కే వయసది. ఆ వయసు కార్ల కిటకిటల్నీ టకటకల్నీ ఒక్కొక్కటే వెతికి పట్టుకుని పోగొట్టేవాళ్ళ పనితనం మీద నాకు గొప్ప గౌరవం. ఇంజన్ విప్పి మళ్ళీ కట్టినవాడికి వచ్చే పేరు వీళ్ళకి రాదు. చేతికన్నా ముందు చెవిని అడిగే పని కాబట్టి నిజానికి ఇదే కష్టం.

ఈ కారు పుట్టుకలోనే చప్పుళ్ళతో ఒక పేచీ ఉంది. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ కార్ల జర్నలిస్టు మజ్దాలో పెద్ద ఇంజనీరైన కెనిచి యమమోతోని కలిసినప్పుడు, పాత బ్రిటిష్ చిన్న స్పోర్ట్స్ కార్ల లాంటివి ఇప్పుడెవరూ చెయ్యడం లేదు, మీరు చెయ్యండి అన్నాడు. ఎమ్‌జీలు, ట్రయంఫ్‌లు, లోటస్ ఎలాన్ ఆ కోవలోవి. నడిపితే ప్రాణం లేచొచ్చేది. ఆపి దిగితే కింద ఆయిల్ మరక. వానొస్తే ఒళ్ళో నీళ్ళు. తర్వాత ఈ పనికి నాయకత్వం వహించిన తోషిహికో హిరాయి బృందం ఆ ఆనందాన్ని ఉంచి ఆ అవస్థల్ని తీసెయ్యాలనుకుంది. 1.6 లీటర్ల ఇంజన్, జపాన్‌లో 940 కిలోల బరువు, నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. గేర్ బాక్సు నుంచి వెనక డిఫరెన్షియల్ దాకా పొడుగ్గా అల్యూమినియం చట్రం ఒకటి బిగించి రెండిటినీ ఒక్క ముక్కలా కట్టేశారు. యాక్సిలరేటర్ తొక్కిన క్షణానికీ కారు ముందుకి దూకే క్షణానికీ మధ్య సాగుడు లేకపోవడానికి ముఖ్య కారణం ఆ చట్రమే.

ఎగ్జాస్ట్ మోత ఎలా ఉండాలో కూడా ఆ బృందం శ్రద్ధగా ఆలోచించి తీర్చిదిద్దింది. అందువల్ల ఈ కారులో కొన్ని చప్పుళ్ళు కావాలని పెట్టినవి, కొన్ని వయసు తెచ్చిపెట్టినవి. రెండిటినీ విడదీయగలిగినవాడే ఈ పనికి తగినవాడు.

పని మొదలయ్యేది కారుని ఖాళీ చెయ్యడంతో. డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ, పానాలు తీసేస్తారు. గ్లవ్ బాక్సులో కాగితాలు, యాష్‌ట్రేలో చిల్లర, సీటు కింద దొర్లుతున్న నీళ్ళ సీసా, అన్నీ బయటికి. ఎన్నో చప్పుళ్ళు ఇక్కడే తేలిపోతాయి. స్టాండులో వదులైన జాకీ ఎంత మోత చెయ్యగలదో విన్నవాళ్ళకే తెలుసు. ఆ తర్వాత నడపడానికి ఇంకొకరిని కూర్చోబెట్టి, వినేవాడు పక్క సీట్లో కూర్చుంటాడు. స్టీరింగ్ పట్టుకున్నవాడి ధ్యాసంతా రోడ్డు మీద ఉంటుంది. వినేవాడికి చేతులు ఖాళీగా ఉండాలి. చప్పుడు వస్తున్నప్పుడు డాష్‌బోర్డు అంచు అరచేత్తో ఒత్తి చూస్తాడు, తలుపు పట్టీ మీద మోచెయ్యి ఆన్చి చూస్తాడు, టాపు కొక్కేన్ని వేలితో నొక్కిపడతాడు. ఎక్కడో ఒకచోట చప్పుడు ఆగుతుంది. కొత్తవాడు అక్కడే సంబరపడతాడు. చెయ్యి తిరిగినవాడు వేలు తీసి చప్పుడుని మళ్ళీ రప్పిస్తాడు, మళ్ళీ నొక్కి ఆపుతాడు. రమ్మంటే వచ్చి, పొమ్మంటే పోయేదాకా చప్పుడు దొరికినట్టు కాదు.

ఎప్పుడు వస్తోందన్నది ఎక్కడ వస్తోందన్నంత ముఖ్యం. బండి నిలబడి ఉన్నా ఇంజన్ వేగంతో పాటు పెరిగి తగ్గితే అది ఇంజన్‌కో సైలెన్సర్‌కో చెందినది. గతుకులో మాత్రమే పలికితే బాడీది, లేదా సస్పెన్షన్‌ది. స్టీరింగ్ ఒకవైపు తిప్పినప్పుడే వస్తే బరువు పడిన చక్రం వైపు చూడాలి. పొద్దున్నే చలిలో వచ్చి మధ్యాహ్నం ఎండకి మాయమైతే ప్లాస్టిక్ ముక్కలు ముడుచుకుని వదులవుతున్నాయని అర్థం. టాపు తీసినప్పుడు ఒకలా, వేసినప్పుడు ఒకలా వినిపిస్తే చెవిని ఒక పట్టాన నమ్మకూడదు. గుడ్డ టాపు కింద శబ్దం అటూ ఇటూ తగిలి, ముందు అద్దం చట్రంలో పుట్టినది కూడా సీటు వెనక బెల్టు దగ్గర్నుంచి వస్తున్నట్టు భ్రమపెడుతుంది.

కార్ల ఇంజనీర్లు ఈ చప్పుళ్ళని బజ్, స్క్వీక్, రాటిల్ అని మూడుగా విడదీస్తారు. జుమ్మనేది, కీచుమనేది, గిలక్కాయలా ఆడేది అనుకోవచ్చు. ఈ విభజన వైద్యాన్ని కూడా చెబుతుంది. గిలక్కాయ చప్పుడంటే రెండు వస్తువులు విడిపోయి మళ్ళీ తగులుతున్నాయి. బిగించాలి, లేదా మధ్యలో మెత్తటిది పెట్టాలి. కీచుమంటే అవి విడిపోవడం లేదు. ఒకదాన్నొకటి పట్టుకుని, జారి, మళ్ళీ పట్టుకుంటున్నాయి. వయొలిన్ కమాను తీగని పలికించేది సరిగ్గా ఇలాగే. దీన్ని బిగిస్తే ఇంకా గట్టిగా అరుస్తుంది. దీనికి కావలసింది జారుడు. తలుపుల చుట్టూ, టాపు అంచున ఉన్న రబ్బరు పట్టీలకి సిలికోన్ గ్రీజు పల్చగా పూస్తే నిమిషాల్లో నోరు మూసుకుంటాయి. డబ్బాలో చేతికందిన మామూలు గ్రీజు పూసినవాడు మాత్రం రబ్బరు ఉబ్బి చెడిపోవడం చూస్తాడు.

ఇక అసలైన గిలక్కాయ. ఎగ్జాస్ట్ గొట్టం చుట్టూ వేడి పైకి తగలకుండా పల్చటి రేకు తొడుగులు ఉంటాయి. ఏళ్ళ తరబడి వేడెక్కి, చల్లారి, తడిసి, బోల్టు చుట్టూ ఉన్న రేకు తుప్పుకి తరిగిపోతుంది. రంధ్రం పెద్దదవుతుంది. బోల్టు గట్టిగానే ఉంటుంది, రేకే దాని మెడలో వదులుగా వేలాడుతుంది. ఆ రేకు సహజ కంపనానికి సరిపోయే వేగానికి ఇంజన్ చేరగానే అది ఒక్కసారిగా గజగజలాడుతుంది. ఇంకాస్త వేగం పెంచితే ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. అందుకే చాలామంది దీన్ని ఇంజన్ జబ్బనుకుని భయపడతారు. కొందరు విసిగి రేకు పీకి పారేస్తారు. అలా చెయ్యడం తప్పు. దాని పైన ఫ్లోరు రేకు ఉంది, రబ్బరు ముక్కలున్నాయి, కింద ఎండుగడ్డి ఉన్న చోట బండి ఆపే రోజు ఉంది. మంచి పనివాడు పాత బోల్టు తలకింద వెడల్పాటి స్టెయిన్‌లెస్ వాషర్ వేస్తాడు. అరిగిన రంధ్రాన్ని దాటి గట్టి రేకు మీద అది పట్టు దొరకబుచ్చుకుంటుంది. బోల్టే విరిగిపోతే పొడవాటి స్టెయిన్‌లెస్ హోస్ క్లిప్పు గొట్టం చుట్టూ తిప్పి బిగిస్తాడు. ఖర్చు దాదాపు లేదు. బండి కిందకి దూరి చూస్తే తప్ప పని జరిగిన సంగతే తెలీదు. నాకు అన్నిటికన్నా నచ్చిన మరమ్మతు ఇది.

బానెట్ కింద వినిపించే టకటక కథ వేరు. ఈ 1.6 ఇంజన్‌లో పదహారు వాల్వులకీ హైడ్రాలిక్ అడ్జస్టర్లు ఉన్నాయి. ఒక్కో బుల్లి డబ్బాలో ఆయిల్ నిండి, క్యామ్‌కీ వాల్వుకీ మధ్య సందుని తనంతట తాను పూడుస్తుంది. బండి చాలాసేపు నిలబడితే ఆ ఆయిల్ మెల్లగా కారిపోతుంది. స్టార్ట్ చేసిన కొద్దిసేపు సందు మిగిలి టకటకమంటుంది. ఒత్తిడి చేరగానే ఆగిపోతుంది. కాసేపట్లో పోయే ఈ చప్పుడుకి హెడ్ విప్పడం అనవసరం. ముందు మంచి ఆయిల్ పోసి, ఫిల్టరు మార్చి, ఇంజన్ పూర్తిగా వేడెక్కేదాకా తిప్పి చూడాలి. ఆ ఫిల్టరుని ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద చెయ్యి దూరని మూలన పెట్టారు. ఇన్ని విషయాల్లో పనివాడి మేలు ఆలోచించిన ఇంజనీర్లు ఇక్కడ మాత్రం అతన్ని మరిచిపోయారు. అప్పటికీ ఆగని టకటకకే పానాలు తియ్యాలి.

చిన్న లోపం పెద్ద దానిలా కనిపించే చోటు ఇంకొకటుంది. సిలిండర్ హెడ్ వెనక చివర క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దాని ఓ-రింగు గట్టిపడితే ఆయిల్ చెమర్చి, ఇంజన్ వెనకగా జారి, గేర్ బాక్సు కలిసే చోట చుక్కలు కడుతుంది. కింద నుంచి చూసినవాడు క్రాంక్ వెనక సీలు పోయిందంటాడు. అంటే గేర్ బాక్సు దింపాలి. తెలిసినవాడు ముందు పైనుంచి అద్దం పెట్టి చూస్తాడు, తడి ఎక్కడ మొదలైందో వేలితో తడుముతాడు. సెన్సర్ విప్పేముందు దాని అంచు మీదా హెడ్ మీదా కలిసేలా ఒక గీత గీస్తాడు. ఆ సెన్సర్ ఏమాత్రం తిరిగినా ఇగ్నిషన్ టైమింగ్ మారిపోతుంది మరి. చిన్న రబ్బరు ఉంగరం మార్చి, గీతకి గీత కలిపి బిగిస్తాడు. తిరిగి బిగించేటప్పుడు ఏం కావాలో విప్పకముందే తెలిసి ఉండడం పనితనంలో సగం.

తొలి కార్ల క్రాంక్ ముక్కు, అంటే క్రాంక్ షాఫ్టు ముందు కొస, విషయం దీనికి తలకిందులు. ముందు పుల్లీ ఒకవైపుకి ఊగుతున్నట్టు కంటికి లీలగా కనిపిస్తుంది. అది చిన్నదని వదిలేస్తే క్రాంక్ షాఫ్టే పోతుంది. వేళకి పట్టుకున్నవాళ్ళు అరిగిన కీ గాడిని లాక్‌టైట్ 660 లాంటి లోహపు జిగురుతో నింపి, కొత్త కీ, కొత్త బోల్టు వేసి కాపాడుకున్నారు.

గేరు రాడ్ కింద రెండు రబ్బరు తొడుగులుంటాయి. కిందది చిన్నది, కంటికి కనపడదు. అది చిరిగితే గేర్ బాక్సు వేడి, మోత నేరుగా కాళ్ళ మధ్యకి వచ్చేస్తాయి. రాడ్ కూర్చునే గిన్నెలో దాని కోసమే కాస్త ఆయిల్ ఉంటుంది. అది తగ్గితే గేరు గరగరమంటూ పడుతుంది. తొడుగు మార్చి, రాడ్ అడుగున నైలాన్ బుష్ వేసి, తాజా ఆయిల్ పోస్తే, మణికట్టు కదిలీ కదలకుండానే గేరు క్లిక్కుమని పడే ఈ కారు ప్రసిద్ధ గుణం తిరిగొస్తుంది. ఇంత తక్కువ పనికి ఇంత ఎక్కువ ఫలితం ఈ కారులో మరెక్కడా దొరకదు.

టాపు లేని కారు బాడీ గతుకుల్లో మెలిపడడం సహజం. మజ్దాకీ ఆ సంగతి తెలుసు. 1993లో ఇంజన్‌ని 1.8 లీటర్లకి పెంచినప్పుడు బాడీకి అదనపు బ్రేస్ కడ్డీలు కూడా చేర్చింది. ఆ మెలికే తలుపుల దగ్గర టిక్కుటిక్కుమని బయటపడుతుంది. తలుపు పక్కనుండే దన్ను ముక్కలు అరిగితే మారుస్తారు, అద్దం సగం దింపినప్పుడు గలగలమంటే లోపలి గైడ్లని జరుపుతారు. టాపు కొక్కేలకి కూడా బిగువు సరిచేసుకునే వీలుంది. అతిగా బిగిస్తే ముందు పట్టీ నలిగి వాననీళ్ళు లోపలికొస్తాయి, వదిలేస్తే టాపు కొట్టుకుంటుంది. రెప్పలెత్తినట్టు పైకి లేచే హెడ్‌లైట్లు గతుకుల్లో వణికితే, వాటి కింద రబ్బరు ఆనింపుల ఎత్తుని కొద్దికొద్దిగా పెంచి చూస్తారు. మోటారు చెడినా చేత్తో తిప్పి లైటు పైకి లేపుకునే చిన్న మర కూడా లోపల ఉంచారు. ఇన్నిచోట్ల సర్దుబాటు వదిలిపెట్టిన తయారీదారుకి దండం పెట్టాలి. ఇది పాతబడుతుందని, అప్పుడు ఎవరో ఒకరు పానా పట్టుకుని వస్తారని వాళ్ళు ముందే ఊహించారు.

అన్నిటిలోకీ ప్రమాదమైన లోపానికి అసలు చప్పుడే లేదు. టాపు మీద పడ్డ వాననీళ్ళు సీట్ల వెనక కాలువలోకి చేరి, రెండు పక్కలా గొట్టాల్లోంచి కిందకి పోవాలి. ఆకులు, దుమ్ము ఆ గొట్టాల్ని మూసేస్తే నీళ్ళు కార్పెట్ కిందకి, సిల్ లోపలికి చేరతాయి. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, వెనక చక్రం ముందున్న రేకు లోపల్నుంచి కుళ్ళిపోతుంది. అందుకే నిజమైన పనివాడు చప్పుడు గురించి వచ్చిన బండికి కూడా ముందు ఒక చెంబు నీళ్ళు పోసి, కింద నేల తడిసిందా అని చూస్తాడు. మూసుకుపోతే మెత్తటి ప్లాస్టిక్ తీగతో మెల్లగా తెరుస్తాడు. ఇనప చువ్వ గుచ్చితే గొట్టానికి చిల్లి పడి నీళ్ళు ఇంకా లోపలికే దారి చూసుకుంటాయి.

ఇన్ని పోగొట్టాక ఆగడం తెలియాలి. కొంతమంది ఆ ఊపులో కారంతా బరువైన తారు షీట్లు అంటించి, ఎగ్జాస్ట్‌ని కూడా గొంతు నులిమి, బండిని మూగదాన్ని చేస్తారు. తేలికదనమే ప్రాణమైన కారుకి కిలోల బరువు తగిలించి, హిరాయి బృందం కోరి పెట్టిన స్వరాన్ని తీసెయ్యడం నాకు అన్యాయంగా తోస్తుంది. మజ్దా తానే జపాన్‌లో ఈ మొదటి తరం కార్లని పునరుద్ధరించే సేవని 2017లో ప్రకటించి, టాపు గుడ్డ, నార్డీ కలప స్టీరింగ్, గేరు నాబ్ లాంటి ముక్కల్ని మళ్ళీ చేయించింది. బ్రిడ్జ్‌స్టోన్ ఆనాటి ఎస్ఎఫ్325 టైరుని అదే 14 అంగుళాల కొలతలో తిరిగి తయారు చేసింది. కొత్త టైర్లు ఎన్నో రకాల్లో దొరుకుతుండగా పాత నమూనాని పనిగట్టుకుని చేయించడం వృథా ఖర్చు అనేవాళ్ళుంటారు. నేను ఒప్పుకోను. చేతికి, చెవికి, నడుముకి ఆ కారు 1989లో ఏం చెప్పిందో ఇప్పుడూ అదే చెప్పాలంటే నేలని తాకే ముక్క కూడా అదే అయి ఉండాలి.