మా బట్టలు, వాళ్ళ ఫ్యాషన్

హైదరాబాద్ పెళ్ళిళ్ళలో ఇవాళ ఏ కులం వరుడైనా షేర్వానీ తొడుక్కుంటున్నాడు. వధువు జాకెట్టుకు మగ్గం వర్క్ లేనిదే ముచ్చట తీరదు. సంతోషమే. బట్టకు మతం లేదనే మేమూ అంటాం.

మా పేచీ వేరే. కార్చోబ్ మీద నడుం వంచి ఆ జరీ, ఆ పూసలు కుట్టేవాళ్ళలో మావాళ్ళు ఎందరో. ఆరు గజాల ఖడా దుపట్టాను, ఏడు పేటల సత్‌లడాను 'నవాబీ లుక్' అని అమ్మే స్టైలిస్టు వాళ్ళ ఊసెత్తడు. నవాబు పనికొస్తాడు, దర్జీ పనికిరాడు.

తెలుగు సినిమా కాస్ట్యూమర్ చూపు ఇంకో రకం. ముస్లిం అనగానే గళ్ళ లుంగీ, కళ్ళకు సుర్మా, మెడలో తావీజు, నెత్తిన టోపీ. చీర కట్టి పొలం పనికి పోయే దూదేకుల ఆడమనిషి ఆయనకు ఆనదు. ఆమెను చూపిస్తే ముస్లిమని ప్రేక్షకుడు పోల్చుకోలేడని భయం. అంటే ఆ వేషం మనిషి కోసం కాదు, గుర్తుపట్టడం కోసం.

బట్టను చూసి మనిషిని తేల్చే అలవాటు తెర దగ్గరే ఆగదు. 2022లో కర్ణాటకలో హిజాబ్‌తో వచ్చిన అమ్మాయిలను కాలేజీ గేటు దగ్గరే ఆపారు. మార్చి 15న హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పారు. షేర్వానీ వరుడి ఒంటిమీద ఫ్యాషన్, అమ్మాయి నెత్తిమీద గుడ్డ మాత్రం తగాదా!

ఫలానా బట్ట కడితేనే ముసల్మాన్ అనే పెద్దలు మా ఇళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళదీ కాస్ట్యూమర్ చూపే. బుర్ఖా వేసుకోవడమా, తీసేయడమా, చీర కట్టడమా అన్నది మా ఆడపిల్లలే తేల్చుకోవాలి. సొంత స్టైల్ అంటే అదే.