సాపుతారాలో ఒక రాత్రి ఉండాలి

దీపావళికి సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగగానే సూరత్ దగ్గరి జోల్వా, కడోదరా, పల్సాణా చుట్టుపక్కల మిల్లు కార్మికుల కుటుంబాలు సాపుతారా దారి పడతాయి. గుజరాత్‌లో హిల్ స్టేషన్ అనగానే ముందు తట్టే ఊరు అదే. డాంగ్ జిల్లాలో, సహ్యాద్రి కొండల మీద, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, మహారాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉంటుంది. జోల్వా వైపు నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. నాలుగైదు కుటుంబాలు కలిసి బండి మాట్లాడుకుని తెల్లవారకముందే బయల్దేరతాయి. ఉనాయి వేడినీటి గుండాలు, వఘై దగ్గర గీరా జలపాతం, పైకెక్కాక సరస్సు, రోప్‌వే, ఆ పాయింటు, ఈ పాయింటు అన్నీ చుట్టేసి అర్ధరాత్రికి ఇల్లు చేరతాయి. సన్‌రైజ్ పాయింటుకు చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఈ అలవాటు మారాలి. చూసేవి సగానికి తగ్గించుకునైనా సరే, ఒక రాత్రి కొండ మీదే ఉండాలి.

ఎందుకంటే మిల్లు పని చేసే ఇంట్లో అన్నిటికన్నా కరువైంది అందరూ కలిసి మేలుకుని ఉండే సమయం. పన్నెండు గంటల షిఫ్టు. నైట్ షిఫ్టు దిగి తండ్రి ఇంటికొచ్చేసరికి పిల్లలు బడికి తయారవుతుంటారు. వాళ్లు తిరిగొచ్చాక ఆయన మళ్లీ పనికి బయల్దేరతాడు. మధ్యలో తల్లి వంట చేస్తుంది, ఇంటికి తెచ్చుకున్న చీరలకు రాళ్లు అతికిస్తుంది. ఒకే గదిలో ఉంటూ వారాల తరబడి తీరిగ్గా మాట్లాడుకోని కుటుంబాలు ఎన్నో. అలాంటివాళ్లు ఏడాదికొక్కసారి బయటికి వెళ్లి, ఆ ఒక్క రోజులో ఎనిమిది గంటలకు పైగా బండిలోనే గడిపితే ఎలా? ఘాట్ మలుపుల్లో పిల్లలకు వాంతులు, ముందు సీట్లో తండ్రికి కునుకు. కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగి రావడంలో కుటుంబానికి దక్కేదేమిటి? సాయంత్రం పగటి బస్సులన్నీ దిగిపోయాక సరస్సు ఒడ్డున చలికి దగ్గరగా కూర్చుని చెప్పుకునే కబుర్లే దక్కుతాయి. అవి ఏ పాయింటులోనూ లేవు.

కొండ ఊళ్లో చూడాల్సింది కూడా గడియారం చెప్పినట్టు వినదు. వానాకాలంలో వెళ్తే, మబ్బు లోయను పూర్తిగా కప్పేస్తుంది. ఉన్నట్టుండి ఒక పక్క తెర చీలి, కింద పొలాలు, పెంకుటిళ్లు, ఎర్రమట్టి బాట కొన్ని నిమిషాలు కనిపించి మళ్లీ మూసుకుపోతాయి. పావుగంటలో బండెక్కాలన్న హడావుడిలో ఉన్నవాళ్లకు తెల్లటి మబ్బే మిగులుతుంది. పైగా ప్రాణభయం. 2024 జూలై 7, ఆదివారం, సాపుతారా నుంచి సూరత్‌కు తిరిగొస్తున్న పర్యాటకుల బస్సు ఘాట్‌లో లోయలో పడి పిల్లలు చనిపోయారు. ఆ ప్రమాదానికి కారణమేమిటో నేను తేల్చబోవడం లేదు. కానీ పగలంతా తిరిగి అలసిన ప్రయాణికులు, అలసిన డ్రైవర్, చీకటి పడే వేళ ఘాట్ దిగడం – ఈ మూడూ కలవకుండా చూసుకోవడం మన చేతిలోని పని.

డబ్బు మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మీటరు లెక్కన కూలి వచ్చేవాడికి ఒక రోజు సెలవంటే ఒక రోజు కూలి పోయినట్టే, దానిమీద గది అద్దె. దీపావళి వారంలో అద్దెలు మండిపోతాయి కూడా. అయితే సాంచాలు ఆ ఒక్క వారమే ఆగవు; దీపావళి తర్వాత వచ్చే లాభ పంచమి దాటాక రద్దీ తగ్గుతుంది, పని ఇంకా పూర్తిగా అందుకోదు. బండి బదులు ప్రభుత్వ ఎస్టీ బస్సు ఎక్కితే మిగిలింది గదికి పనికొస్తుంది. పిల్లలకు రోప్‌వే కావాలంటే అదొక్కటి ఎక్కించండి. వీలుంటే బిలిమోరా నుంచి వఘై వెళ్లే చిన్న రైలు ఎక్కించండి. గైక్వాడ్ల బరోడా సంస్థానం 1913లో వేసిన నేరోగేజ్ అది. 63 కిలోమీటర్లకు దాదాపు మూడు గంటలు, టేకు అడవుల గుండా. మూసేస్తామంటే జనం ఊరుకోలేదు, 2021లో మళ్లీ నడిచింది. దానిమీద వెళ్లే పిల్లలకు దారే విహారం.

ఆగి ఉండడానికి ఇంకో కారణముంది, నాకు అదే ముఖ్యం. మన కుటుంబాలు కొండెక్కే రోజుల్లోనే డాంగ్ ఆదివాసీ కుటుంబాలు కొండ దిగుతాయి. చెరకు కోతకు బార్డోలీ చుట్టుపక్కల పొలాలకు వచ్చి, వేసవి దాకా రోడ్ల పక్క గుడారాల్లో ఉంటాయి. జోల్వా పక్కనే, మనం రోజూ చూసేవాళ్లే. కరీంనగర్ నుంచో వరంగల్ నుంచో మరమగ్గాలను వెతుక్కుంటూ సూరత్ వచ్చిన పద్మశాలీలకు, కొడవలి పట్టుకుని దిగొచ్చే వాళ్ల కష్టం ఒకరు చెప్పాల్సిన పని లేదు. సాపుతారా రోడ్డు పక్కన రాగిపిండిని అరచేతుల మధ్య తట్టి, పెనం మీద కాల్చి, వెల్లుల్లి కారంతో పెట్టే నాగ్లీ రొట్టె దొరుకుతుంది. కాలుస్తున్న ఆమెను మీవాళ్లు కోతకు ఏ ఊరు వెళ్తారమ్మా అని అడగడానికి రొట్టె కాలేంత సేపు చాలు. కింద బండి హారన్ కొడుతుంటే ఆ కాస్త సేపు కూడా ఉండదు.